పెద్దది చేయొద్దు సార్

డ్రాయింగ్ మాస్టరుగా ఇన్నేళ్లు పనిచేసినా పిల్లల మీద నేను చెయ్యెత్తింది తక్కువ. ఎత్తిన నాలుగైదు సార్లలో ఒకటి మాత్రం నన్ను వదలలేదు. కుప్పంలో, ఎనిమిదో తరగతి గదిలో, ఒక ఆడపిల్ల వేళ్ల మీద చెక్క స్కేలుతో కొట్టాను. కుండ బొమ్మ సరిగ్గా వేయలేదని.

ఆ సంగతికి ముందు నా గురించి కొంచెం చెప్పాలి. మాది మదనపల్లె. తొంభైల మొదట్లో పుంగనూరులో ఒక హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. డ్రాయింగ్ పీరియడ్ అంటే ఆ రోజుల్లో లెక్కల సారుకు సిలబస్ పూర్తి కాకపోతే అడిగి తీసుకునే పీరియడ్. పిల్లలకు చూపించడానికి నా దగ్గర నల్లబల్ల, రెండు పాత చార్టులు, కొన్ని బొమ్మల పోస్టుకార్డులు, అంతే. అరవై మంది పిల్లలకు ఒక పోస్టుకార్డు చూపించాలంటే బెంచీ బెంచీకి తిరిగే లోపల గంట కొట్టేసేవారు.

అందుకని నేనే ఒక పెట్టె తయారు చేసుకున్నాను. మదనపల్లెలో మూసేసిన ఒక ఫోటో స్టూడియో నుంచి కటకం తెచ్చాను. వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించి, లోపల అద్దం, ఒక పెద్ద బల్బు అమర్చాను. పోస్టుకార్డు తలకిందులుగా లోపల పెడితే బొమ్మ గోడ మీద నిటారుగా, తలుపంత పెద్దదిగా పడేది. కిటికీలకు గోనెపట్టలు కట్టి గది చీకటి చేసి మొదటిసారి చూపించిన రోజు పిల్లలు ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు నాకు వినిపించింది. చౌడేపల్లె నుంచి బస్సులో వచ్చే పిల్లలు ఆ ఒక్క పీరియడ్ కోసం స్కూలు ఎగ్గొట్టడం మానేశారని మా హెడ్మాస్టరు నలుగురిలో చెప్పారు. అప్పటి నుంచి నాకొక నమ్మకం కుదిరిపోయింది. బొమ్మను ఎంత పెద్దది చేసి చూపిస్తే పిల్లలు అంత బాగా నేర్చుకుంటారని.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పానికి బదిలీ అయింది. పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను.

ఆ పిల్ల అక్కడే పరిచయం. శాంతిపురం వైపు ఒక పల్లె నుంచి వచ్చేది. తండ్రి గ్రానైట్ రాళ్లకు పాలిష్ పెట్టే పనికి వెళ్లేవాడు. తల్లికి రెండు ఆవులు. పిల్ల సన్నగా, ఎప్పుడూ తల కొంచెం అటూ ఇటూ తిప్పుతూ ఉండేది. స్టాఫ్ రూములో ఆమెకు మంచి పేరు లేదు. పక్కన టీచరు నడుస్తున్నా నమస్కారం పెట్టదు, దారికి అడ్డం వచ్చి గుద్దుకుంటుంది, పొగరు అనేవారు. నేను గది చీకటి చేసి బొమ్మలు చూపించే రోజున ఆ పిల్ల తలుపు పక్కనే కూర్చునేది. పక్కనున్న పిల్ల జడ కొసను పట్టుకుని కూర్చునేది. అందరూ పోయి, నేను గోనెపట్టలు విప్పిన తరవాతే లేచేది. ఇవన్నీ నేను చూశాను. చూశాను గాని ఏమీ అనుకోలేదు.

ఆ రోజు స్టూలు మీద ఒక మట్టికుండ, దాని పక్కన రెండు వంకాయలు పెట్టి వేయమన్నాను. ఆమె కాగితం చూస్తే నాకు ఒళ్లు మండింది. కుండ మూతి కాగితం పైన ఒక మూలన ఉంది. కుండ కడుపు కింద ఇంకో మూలన ఉంది. రెంటికీ మధ్య జానెడు ఖాళీ. వంకాయ తొడిమ మాత్రం దాని మీది ముళ్లతో సహా ఎంత ముద్దుగా వేసిందో! ఇంత చెయ్యి తిరిగిన పిల్ల కావాలనే వెక్కిరిస్తోందనుకున్నాను.

“ఏమిటిది?” అన్నాను.

“మూతి ఏసినాక కుండ యాడికి పోయిందో తెలీలేదు సార్.”

క్లాసంతా నవ్వింది. నేను కొట్టాను. ఆమె వేళ్లు ముడుచుకుని, మళ్లీ తెరిచి, ఇంకో దెబ్బ కోసం చెయ్యి అలాగే చాపి ఉంచింది. ఏడవలేదు.

ఆ ఏడాదే మా స్కూలుకు కంప్యూటర్లు వచ్చాయి. ఒక గదికి కొత్త తాళం, నేల మీద పట్టా, చెప్పులు బయటే విప్పాలని తలుపు మీద కాగితం. నేర్పడానికి వచ్చిన అమ్మాయి మంచి మనిషి. వారానికి రెండు పీరియడ్లు డ్రాయింగ్ పిల్లలకు ఇవ్వమని బతిమాలితే ఒప్పుకుంది. ఎలుక అని పిలుచుకునే మౌసును పట్టుకుని గీతలు గీయడం, డబ్బాలో రంగు పోసినట్టు ఒక్క నొక్కుతో ఆకాశమంతా నీలం చేయడం పిల్లలకు పండగగా ఉండేది. నేను దాచుకున్న పోస్టుకార్డులు, పుస్తకాల్లోని బొమ్మలు అన్నీ బజారులో ఇంటర్నెట్ సెంటరులో స్కాన్ చేయించి ఒక సీడీలో ఎక్కించాను. ఇక నా పెట్టెతో పని లేదనుకున్నాను.

మొదటి రోజు పిల్లల్ని చుట్టూ నిలబెట్టి సీడీ తెరిచాను. బొమ్మలన్నీ తెర మీద చిన్న చిన్నవిగా, తపాలా బిళ్లలంత, వరసలుగా వచ్చాయి. అందులో ఒకటి నొక్కి తెరంతా నింపుదామని ఎలుకను కదిపాను. నా చేతి మీద ఒక చెయ్యి పడింది. ఆ పిల్లే.

“వద్దు సార్. పెద్దది చేయొద్దు సార్. ఇట్లే ఉండనీండి.”

“ఎందుకమ్మా? చిన్నగా ఉంటే ఏం కనిపిస్తుంది?”

“ఇట్లుంటే అంతా ఉండాది సార్. పెద్దది చేస్తే యాడికో పోతాది.”

తెరకు దగ్గరగా వంగి ఒక్కొక్క బిళ్లనూ చూస్తోంది. నీళ్లు తోడే ఆడవాళ్ల బొమ్మ, గుడి పైకప్పు మీది బొమ్మ, ఏనుగు. ఏనుగు దగ్గర ఆగింది. “సార్, ఏనుగుకు తొండమూ తోకా ఒకేసారి కనబడతాండాయి సార్” అంది. మిగతా పిల్లలు మళ్లీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎలుక మీద నుంచి చెయ్యి తీసేశాను.

గంట కొట్టాక ఆమెను ఆపి, వరండాలో రెండడుగుల దూరంలో నిలబెట్టి అడిగాను. “నన్ను చూడు. నాలో ఏమేం కనిపిస్తోంది?”

“మీ ముక్కు సార్. మీసం కొంచెం.”

“కళ్లు?”

“కండ్లు కావాల్నంటే తల ఎత్తాల సార్.” ఎత్తి చూపించింది. “అందురికీ అంతే గదా సార్?”

పదమూడేళ్ల పిల్ల. లోకంలో అందరూ ఒక వెదురు గొట్టంలోంచే చూస్తారని అనుకుంటోంది. నేను కుండను తీసుకుని వరండా ఆ చివర పెట్టి వచ్చాను. అక్కడి నుంచి చూసి వేయమన్నాను. అరచేతిలో పట్టేంత చిన్న కుండ వేసింది. మూతి, మెడ, కడుపు, కింద నీడ, ఏదీ ఎక్కడా తప్పలేదు.

ఆ వారం నేను సరిగ్గా నిద్రపోలేదు. పదేళ్లుగా బొమ్మల్ని పెద్దవి చేసి చూపించి గొప్ప పని చేశాననుకున్నాను. ఈ పిల్లకు నేను చేసింది, చీకట్లో కూర్చోబెట్టి గోడంత ఏనుగు చెవిలో ఒక ముక్క చూపించడం.

ఆ తరవాత ఆమెకు వేరే పాఠం మొదలుపెట్టాను. డ్రాయింగ్ షీటును పేకముక్కలంత చీల్చి ఇచ్చేవాణ్ణి. కంప్యూటరులో బొమ్మను ఎంత చిన్నది చేస్తే ఆమెకు పూర్తిగా కనిపిస్తుందో ఇద్దరం కలిసి చూసుకునేవాళ్లం. ఆమె “సాలు సార్” అన్న చోట ఆపేవాణ్ణి. బెంగుళూరులో పనిచేసే మా బావమరిది దగ్గర కొత్తరకం కెమెరా ఉండేది, రీలు అక్కర్లేనిది, వెనకవైపు చిన్న తెర ఉండేది. కొన్నాళ్లకని అడిగి తెచ్చాను. చెట్టు వేయాలంటే చెట్టుకు ఫోటో తీసి ఆ తెర మీద చూపించేవాణ్ణి. అగ్గిపెట్టె అంత తెరలో ఆమెకు చెట్టు దొరికేది. తెరలో చూసి, తల ఎత్తి చెట్టును ముక్కముక్కగా వెతుక్కుని, మళ్లీ తెరలో చూసి వేసేది. ఆమె బొమ్మలన్నీ చిన్నవే. కాని వాటిలో గాలి ఉండేది.

ఒకరోజు తల్లి స్కూలుకు వచ్చింది. గేటు దగ్గర నిలబడి ఉంటే నేను దూరం నుంచి ఫోటో తీసి కెమెరాను పిల్లకిచ్చాను. ఆమె చాలాసేపు చూసింది.

“మాయమ్మ ఇంత పొట్టిగా ఉంటాదా సార్?” అంది. కాసేపటికి, “పాదాల మీది చీర చినిగి ఉండాది” అంది. అమ్మను తల నుంచి కాళ్ల దాకా ఒక్క చూపులో చూడటం ఆ పిల్లకు అదే మొదలు అని మా ఇద్దరికీ అర్థమయింది. కెమెరా నాకిచ్చేసి పరుగున వెళ్లి తల్లి నడుం పట్టుకుంది. పరుగులో ఒక సైకిలును గుద్దుకుంది.

మదనపల్లెలో నాకు తెలిసిన కంటి డాక్టరు ఒకాయన ఉండేవారు. తల్లిని ఒప్పించి ఇద్దరినీ నేనే తీసుకెళ్లాను. కుప్పం నుంచి పలమనేరు, అక్కడి నుంచి పుంగనూరు, మదనపల్లె. బస్సు కిటికీ పక్కన కూర్చున్న పిల్ల కెమెరాను వదల్లేదు. డాక్టరు పెద్దాయన. నెమ్మదిగా మాట్లాడేవారు. ఆమె ఎదురుగా కూర్చుని వేళ్లను పక్క నుంచి తీసుకొస్తూ “కనిపిస్తే చెప్పు తల్లీ” అన్నారు. వేళ్లు ఇంచుమించు ఆయన ముక్కు దగ్గరకు వచ్చేదాకా ఆమె ఏమీ అనలేదు. చుక్కల మందు వేసి లోపల చూశారు. తరవాత పిల్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి రమ్మన్నారు.

“మేనరికమా?” అని తల్లిని అడిగారు.

“మా మామనే చేసుకున్న్యా సార్. మాయమ్మ తమ్ముడే” అంది ఆమె. “యాల సార్?” అంటూ ఎందుకడిగారో తెలియక ఆయన వైపు చూసింది.

మేనరికాల్లో పుట్టిన పిల్లలకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇదని, కంటి వెనక పొర కొంచెం కొంచెంగా పాడవుతోందని, చీకట్లో కనిపించకపోవడం దాని మొదలని, పక్కచూపు పోయిందని, మిగిలిన ఈ కాస్తా మూసుకుపోతుందని చెప్పారు. కొందరికి నడివయసు దాకా నిలుస్తుంది, ఈమెకు అంతకాలం నిలవదేమో అన్నారు. మందు లేదు, ఆపరేషన్ లేదు. తల్లి కొంగును నోట్లో కుక్కుకుంది.

నేను అడగాల్సింది అడిగాను. “సార్, నేను కంప్యూటరు ముందు కూర్చోబెడుతున్నాను. దానివల్ల ఏమైనా...”

“దానికీ దీనికీ సంబంధం లేదు. మీరు బొమ్మలు చూపించండి మాస్టారూ. చూడగలిగినన్నాళ్లు చూడనివ్వండి.”

ఆ మాట తల్లి కూడా విన్నదనుకున్నాను. ఆ ఏడుపులో ఆమెకు ఏం వినిపించిందో నాకు తెలియదు.

తిరిగి వచ్చాక నాకు ఒక రకమైన ఆత్రం పట్టుకుంది. కలుపుకూలీలు వాన రాకముందే చేను ముగించాలని వంగినట్టు, ఆ పిల్ల కళ్లు మూసుకుపోయే లోపల ఎన్ని బొమ్మలు నింపగలనా అని చూశాను. పొద్దున ప్రార్థనకు ముందు, మధ్యాహ్నం అన్నం వేళ, కంప్యూటరు గది తాళం తీయించేవాణ్ణి. కొండలు, పక్షులు, సముద్రం, మంచు, నేను కూడా ఎన్నడూ చూడని ఊళ్లు. ఆమె అడిగినవి వేరు. బెంచీలో తన పక్కన కూర్చునే పిల్ల ముఖం, వాళ్ల ఆవులు రెండూ కలిసి నిలబడినప్పుడు ఎలా ఉంటాయి, వాళ్ల ఇల్లు రోడ్డు మీది నుంచి ఎలా కనిపిస్తుంది. ఆ పల్లెకు వెళ్లి అవన్నీ తీసుకొచ్చాను. వచ్చిన జబ్బు పేరు ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు. కాని చూసిన ప్రతి బొమ్మనూ కళ్లు మూసుకుని ఒకసారి లోపల సరిచూసుకోవడం మొదలుపెట్టింది. తెలిసిందనడానికి నాకు అంతకంటే ఏం కావాలి?

ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు తండ్రి వచ్చాడు. పని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. తలా రెప్పలూ రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. హెడ్మాస్టరు గదిలో నన్ను పిలిపించారు.

“ఏం సార్, నా బిడ్డ కండ్లు తీసేస్తిరే” అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. “బాగుండె సార్ బిడ్డ. సన్న అచ్చరాలు సదివేది. మీరు ఆ మిషనీ ముందర కూసోబెట్టినంక ఇప్పుడు ఇంట్లో సెంబు కూడా తడుముకుంటాండాది.”

నేను డాక్టరు చెప్పింది చెప్పాను. చిన్నప్పటి నుంచీ ఉన్నదేనని, చీకట్లో పడిపోయేది కదా అని గుర్తు చేశాను.

“సీకట్లో అందురూ పడతారప్పా. ఊర్లో అందురూ అంటాండారు, టీవీ దగ్గర్నుంచి సూస్తేనే కండ్లు పోతాయంట, ఇది అంతకంటే పెద్ద మిషనీ అంట. మాకేం తెలుసు సార్? మీరు సదువుకున్నోళ్లు. బిడ్డను నమ్మి పంపిస్తిమి.”

ఆయన ఏడుస్తున్నాడని నాకు కాసేపటికి గాని తెలియలేదు. రాతిపొడి మీద రెండు గీతలు కిందికి దిగాయి. మేనరికం గురించి డాక్టరు అన్నమాట నా నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు ఆ మనిషికి అది చెప్పడం కత్తితో పొడవడమే. చెప్పలేదు.

ఆయన వెళ్లాక హెడ్మాస్టరు, “ఎందుకొచ్చిన గొడవ మాస్టారూ. ఆ పిల్లను కంప్యూటరు గదిలోకి రానీకండి. రేపు ఎవరైనా పేపరుకు రాస్తే మీరూ నేనూ ఇద్దరం పోతాం” అన్నారు.

నేను సరే అన్నాను.

అదే నేను చేసిన తప్పు. స్కేలుతో కొట్టింది తెలియక. ఇది తెలిసి. డాక్టరు చేత ఒక కాగితం రాయించుకు రావచ్చు. ఆ పల్లెకు వెళ్లి ఆ తండ్రి పక్కన గడప మీద నాలుగు సార్లు కూర్చోవచ్చు. అవేవీ వద్దనుకున్నా, బొమ్మల్ని తపాలా బిళ్లలంత కాగితం మీద అచ్చు తీయించి చేతిలో పెట్టవచ్చు, దానికి ఏ మిషనీ అక్కర్లేదు. ఆ ఉపాయం నాకు తోచింది కూడా. ఒకరోజు ఇంటర్నెట్ సెంటరు దాకా వెళ్లాను. ఆ తండ్రి మళ్లీ వస్తే ఏమవుతుందో అని వెనక్కి వచ్చేశాను.

ఆమె పదో తరగతి ముగిసేదాకా, ఆ ఏడాదిన్నరా, డ్రాయింగ్ పీరియడ్‌లో మిగతా పిల్లలు చెప్పులు విప్పి లోపలికి వెళ్లేవారు. ఆమె వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. లోపల పిల్లలు నవ్వితే తల అటు తిప్పేది. నేను ఆమె పక్క నుంచి వెళ్లేటప్పుడు అడుగుల చప్పుడు కాకుండా నడిచేవాణ్ణి. పక్కన నడిచేవాళ్లు ఆమెకు కనపడరని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమె పది రాసింది. నాకు మదనపల్లెకు బదిలీ అయింది. చెప్పకుండానే వచ్చేశాను.

నాలుగైదేళ్లు గడిచాక పరీక్షల డ్యూటీ మీద కుప్పం వెళ్లాను. కంప్యూటరు నేర్పిన అమ్మాయి బజారులో కనిపించి, “ఆ పిల్లకు పూర్తిగా పోయింది సార్” అని చెప్పింది. మర్నాడు సాయంత్రం శాంతిపురం బస్సెక్కాను.

ఇంటి ముందు పందిరి కింద ఆమె అగరబత్తీలు చుడుతోంది. పలక మీద ముద్ద, పక్కన పుల్లల కట్ట. చేతులు చకచకా కదులుతున్నాయి. తండ్రి మంచం మీద నుంచి లేచాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి, లోపలికి వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చాడు. చెంబు నా చేతికిస్తూ అన్నాడు.

“మిషనీ మానిపిచ్చినా గదా సార్. ఐనా నిలబడలేదు.”

 మజ్జిగ తాగాను. ఆయన ఆవుల దగ్గరకు వెళ్లిపోయాడు.

పిల్ల నా గొంతు వినగానే, “డ్రాయింగ్ సార్” అంది. నవ్వింది. ఎలా ఉన్నావమ్మా అంటే, “బాగుండాను సార్. ఎండ వస్తే తెలుస్తాది. అంతే” అంది. ఇంకాసేపటికి తనే మొదలుపెట్టింది.

“బొమ్మలు ఉండాయి సార్ లోపల. ఏనుగు ఉండాది. నీళ్లు తోడే ఆడోళ్లు ఉండారు, ముగ్గురు. మంచు కొండ ఉండాది. మాయమ్మ గేటు కాడ నిలబడుకోనుండాది. పనికి కూసుంటే ఒగటొగటే తీసి సూసుకుంటా.” పుల్లను పక్కన పెట్టింది. “ఒగటి అడగాల్నని ఉండాది సార్. ఆ సముద్రం బొమ్మలో పడవ ఎర్రదా, పసుపుదా? ఈ మధ్య రెండుగా వస్తాండాది.”

నాకు గుర్తులేదు. “ఎర్రదేనమ్మా” అన్నాను.

“ఎర్రదే అనుకుంటిని” అంది. తృప్తిగా ఇంకో పుల్ల తీసుకుంది. దాన్ని చుడుతూ, ఏమీ లేనట్టుగా అడిగింది. “తర్వాత యాల మానేస్తిరి సార్?”

ఆమె దగ్గర ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. “భయపడ్డానమ్మా” అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు.

“మా నాయనకూ బయమే గదా సార్” అంది. “ఇంగా రోంత కాలం కనపడతా ఉండె సార్ నాకు. టెంత్ పరీచ్చలదాంకా కనపడె. వరండాలో ఉత్తగా కూసోనుంటిని. అప్పుడు సూసింటే ఇంగొన్ని ఉండేవి.”

కోపంతో అన్నమాట కాదు. పొలంలో విత్తనం వేయని చాలు గురించి చెప్పినట్టు చెప్పింది. నేను ఆ పందిరి కింద బస్సు వచ్చేదాకా కూర్చున్నాను. ఆమె అడిగినవన్నీ చెప్పాను, గుర్తున్నవి ఉన్నట్టు, లేనివి లేవని. పడవ రంగు కూడా నిజానికి నాకు గుర్తులేదని చెప్పాలనుకున్నాను. కాని ఆమె ముఖంలో ఆ పడవ అప్పటికే ఎర్రగా కుదురుకుని ఉంది. కదిలించడానికి నాకు మనసు రాలేదు.